బంతాడే కుర్రాడు పాటెత్తుకుంటే...

కొత్త సంవత్సరం రాబోతున్న రాత్రి. మంచుకొండల మధ్య ఓ విడిది. సెలవులకని అక్కడికి వచ్చి కూడా ఓ కుర్రాడు తండ్రితో కలిసి బాస్కెట్‌బాల్ సాధన చేస్తున్నాడు. తల్లి వచ్చి, ఇక ఆ బంతిని వదిలిపెట్టి పిల్లల పార్టీకి వెళ్లమని తరిమింది. అదే విడిదిలో మరో పక్క ఓ అమ్మాయి పుస్తకంలో తలదూర్చి కూర్చుంది. వాళ్లమ్మ వచ్చి పుస్తకం లాగేసుకుంది. అలా ఇద్దరూ అయిష్టంగానే పార్టీకి వచ్చారు. ఒకరికొకరు ముక్కూమొహం తెలియదు.

హాల్లో కరవోకే నడుస్తోంది. వెనకనుంచి సంగీతం వస్తుంటుంది. తెరమీద పాట సాహిత్యం కనిపిస్తుంటుంది. మైకు పట్టుకుని పాడటమే తరువాయి. ఎవరు పాడాలో తేల్చేందుకు ఓ లైటు గుంపు మీద గిరగిరా తిరుగుతోంది. తిరిగి తిరిగి ఎక్కడ ఆగింది..? సరిగ్గా ఆ ఇద్దరి మీద!

వద్దు మొర్రో అన్నా వినకుండా వేదికెక్కించారు. అబ్బాయి నేలచూపులు చూస్తూ గొంతు సవరించుకున్నాడు. అమ్మాయి భయం భయంగా అందుకుంది. పాట సగానికి వచ్చేసరికి భయం పోయింది. పాట ముగిసేసరికి... ఇంకేముంది, కథ మొదలైంది!

2006 జనవరి 20న అమెరికాలోని డిస్నీ ఛానెల్లో ప్రసారమైన 'హైస్కూల్ మ్యూజికల్' సినిమా మొదలయ్యేది ఇలాగే. థియేటర్లో విడుదలైన సినిమా కాదది, అచ్చంగా టీవీ కోసం తీసింది. పెట్టిన ఖర్చు సుమారు 42 లక్షల డాలర్లు. హాలీవుడ్ లెక్కల్లో అది చిల్లర కిందే జమ. పేరున్న తార ఒక్కరూ లేరు. అయినా తొలి ప్రసారాన్నే 77 లక్షల మంది చూశారు. ఆ పాటల ఆల్బమ్ 2006లో అమెరికా మొత్తమ్మీద అత్యధికంగా అమ్ముడైంది. పెద్దపెద్ద గాయకులంతా ఓ బడి పిల్లల బృందం వెనక నిలబడాల్సి వచ్చిందన్నమాట.

ఇంతకీ ఏముంది ఆ సినిమాలో? విలన్ లేడు, తుపాకీ లేదు. మొదటి భాగంలో నాయికా నాయకుల మధ్య ముద్దు సన్నివేశం కూడా లేదు. ఉన్నదల్లా ఓ బడి, ఓ నాటకం, పిల్లల చిన్నచిన్న ఇష్టాలు, వాటిని బయటికి చెప్పుకోలేక పడే పెద్దపెద్ద అవస్థలు!

సెల్‌ఫోన్ తెచ్చిన తంటా

కుర్రాడి పేరు ట్రాయ్ బోల్టన్. న్యూమెక్సికో రాష్ట్రంలోని ఆల్బకర్కీ నగరంలో ఈస్ట్ హైస్కూల్ విద్యార్థి. బడి బాస్కెట్‌బాల్ జట్టు 'వైల్డ్‌క్యాట్స్'కి కెప్టెన్. జట్టు కోచ్ ఎవరో కాదు, సాక్షాత్తూ కన్నతండ్రే. అంటే ఇంట్లోనూ బంతే, బడిలోనూ బంతే. ఛాంపియన్‌షిప్ ఆట దగ్గరపడుతోంది. అందరి కళ్లూ అతని మీదే.

అమ్మాయి పేరు గాబ్రియెల్లా మోంటెజ్. లెక్కలన్నా సైన్సన్నా ప్రాణం. తల్లి ఉద్యోగరీత్యా ఊళ్లు మారుతూ వస్తోంది. ఎక్కడికెళ్లినా 'చదువుల పిచ్చిది' అన్న ముద్ర ఆమెకంటే ముందే ఆ బడికి చేరిపోతుంది. కొత్త బడిలోనైనా మామూలు అమ్మాయిలా ఉండాలని ఆశ. సెలవులయ్యాక ఆమె చేరిన కొత్త బడి ఏదనుకుంటున్నారు? ట్రాయ్ వాళ్లదే!

క్లాసులో ఎక్కడో ఆ గొంతు విన్నట్టనిపించి ట్రాయ్ అనుమానం తీర్చుకోవడానికి ఫోన్ నొక్కాడు. వెనక బెంచీలోంచి రింగు మోగింది. ఆ క్లాసు టీచరు డార్బస్‌కి నాటకమంటే ఆరాధన, సెల్‌ఫోనంటే అసహ్యం. ఇంకేం... ఫోన్లు స్వాధీనం, బడి అయ్యాక శిక్ష. ఏమిటా శిక్ష? నాటకం సెట్టింగులకు రంగులేయడం. జట్టు సాధన మానేసి తన ఆటగాళ్లు చెట్టు బొమ్మలకు ఆకుపచ్చ రంగు పూస్తుంటే చూసిన కోచ్‌గారికి ఒళ్లు మండిపోయింది. ఆటల విభాగానికీ నాటకాల విభాగానికీ అప్పుడు రాజుకున్న గొడవ సినిమా చివరిదాకా నడుస్తుంది.

బడిలో ఏటా వేసే సంగీత నాటకానికి పాత్రధారుల ఎంపిక జరుగుతోంది. మన పద్యనాటకంలో రాగం తీయగలిగినవాడే రాజు. అమెరికావాళ్ల 'మ్యూజికల్'లోనూ అంతే... మాటతో మొదలైన సన్నివేశం పాటలోకి వెళ్తుంది, పాట ఆటలోకి దిగుతుంది. పాడాలి, ఆడాలి, నటించాలి. ఆ బడిలో ఇన్నాళ్లూ ప్రధాన పాత్రలన్నీ షార్పే, రయాన్ అనే అక్కాతమ్ముళ్ల లాంటి కవల జంటవే. నాటక సంఘానికి అధ్యక్షులూ వాళ్లే. వేరేవాళ్లు పేరివ్వడానికే జంకుతారు.

ట్రాయ్, గాబ్రియెల్లా ఎవరికీ కనిపించకుండా వెనక నుంచి చూస్తున్నారు. పేరివ్వాలా వద్దా... తేల్చుకునేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది. సమయం అయిపోయిందన్నారు టీచరమ్మ. ఆ నాటకానికి పాటలు కట్టింది కెల్సీ అనే పిరికి అమ్మాయి. పెద్ద కళ్లజోడు, తలమీద టోపీ, ఎవరన్నా గట్టిగా మాట్లాడితే హడలిపోయే రకం. ఆమె తూలిపడితే కాగితాలన్నీ చెల్లాచెదురయ్యాయి. ట్రాయ్ పరుగెత్తుకొచ్చి లేపాడు. పాట కట్టేవాళ్లు నాటకానికి ఎంత ముఖ్యమో తనకు తెలిసిన బాస్కెట్‌బాల్ భాషలోనే చెప్పాడు. అందరికీ బంతి అందించి, వాళ్లు రాణించేలా చేసే ఆటగాడివి నువ్వేనన్నాడు. ఆ ఒక్క మాటతో ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. పియానో ముందు కూర్చుని తన పాటను తను అనుకున్న తీరులో నెమ్మదిగా వాయించింది. ఇద్దరూ గొంతు కలిపారు. తలుపు దగ్గర నిలబడి విన్న టీచరమ్మ తుది ఎంపికకు రమ్మంది.

క్యాంటీన్లో గుట్టురట్టు

ఈ వార్త పొక్కగానే బడి అంతా గగ్గోలు. బాస్కెట్‌బాల్ కెప్టెన్ నాటకంలో పాడటమా! ఇక్కడే సినిమాలోకెల్లా సరదా సన్నివేశం. మధ్యాహ్నం భోజనాల వేళ. క్యాంటీన్లో ఎవరి గుంపు వారిదే. ఆటగాళ్లు ఓ బల్ల దగ్గర, చదువరులు మరో బల్ల దగ్గర, స్కేటింగ్ బల్లలేసుకు తిరిగే కుర్రాళ్లు ఇంకోచోట. ఓ గుంపువాళ్లు మరో గుంపులో కూర్చున్న దాఖలా లేదు.

కెప్టెనే పాడగా లేనిది తనకేం తక్కువ అనుకున్నాడు జీక్ అనే ఆటగాడు. లేచి నిలబడి తన రహస్యం బయటపెట్టాడు. అతనికి బేకింగంటే పిచ్చి! కేకులూ బిస్కెట్లూ చేస్తాడట. పాలమీగడా గుడ్డుసొనా కలిపి చేసే ఫ్రెంచి మిఠాయి క్రెమ్ బ్రూలేని ఏనాటికైనా లోపం లేకుండా చేయాలన్నది అతని కల. తోటి ఆటగాళ్లు నోరెళ్లబెట్టారు. చదువుల బల్ల దగ్గర మార్తా అనే అమ్మాయి లేచింది. పుస్తకాలతోపాటు హిప్‌హాప్ డ్యాన్సంటే తనకు ప్రాణమంది. స్కేటింగ్ కుర్రాడొకడు తాను చెల్లో వాయిస్తానన్నాడు. నిలువెత్తు వయొలిన్‌లా ఉండే ఆ వాద్యం పేరు కూడా అతని మిత్రులకు తెలియదు.

మిగిలినవాళ్లంతా ఒక్కటై పాట రూపంలో వాళ్లను కూర్చోబెట్టే ప్రయత్నం చేస్తారు. ఎవరి గిరిలో వాళ్లుండాలన్నది దాని సారాంశం. చూస్తున్నంతసేపూ నవ్వొస్తుంది. నవ్వు తగ్గాక మాత్రం ఓ ప్రశ్న మిగులుతుంది. బిస్కెట్లు చేయడంలో సిగ్గుపడాల్సిందేముంది? అయినా ఆ కుర్రాడు ఇన్నాళ్లూ ఎందుకు దాచాడు?

పదహారేళ్ల వయసు అలాంటిది. అమ్మానాన్నలు కోప్పడినా తట్టుకుంటారు. టీచరు బెంచీ ఎక్కించినా దులుపుకుంటారు. స్నేహితులు నవ్వితే మాత్రం తట్టుకోలేరు. ప్రేమ సంగతి సరే... పాడటం, వండటం, బొమ్మలేయడంలాంటి అమాయకమైన ఇష్టాలు కూడా ఆ నవ్వుకు భయపడే అటకెక్కుతాయి. ఈ సినిమా పట్టుకున్న నాడి అదే.

స్నేహితులే అడ్డుపడితే...

కెప్టెన్ మనసు ఆటమీంచి మళ్లుతోందని ట్రాయ్ ప్రాణస్నేహితుడు చాడ్‌కి బెంగ. గాబ్రియెల్లా తమ చదువుల పోటీ జట్టుకు దూరమవుతుందని టేలర్ అనే అమ్మాయికి దిగులు. ఇద్దరూ కలిసి ఓ పథకం వేశారు. మిత్రులంతా ట్రాయ్‌ని చుట్టుముట్టి, జట్టు పరువు గురించి ఉపన్యాసాలు దంచి ఊపిరాడనివ్వలేదు. పీకలమీదికి వచ్చేసరికి, ఆ అమ్మాయి తనకేమంత ముఖ్యం కాదనేశాడు. అక్కడ రహస్యంగా పెట్టిన వెబ్‌క్యామ్ ఆ మాటను గాబ్రియెల్లా ముందున్న కంప్యూటర్‌కి చేరవేసింది.

అంతే. నాటకమూ వద్దు, నువ్వూ వద్దు అని ఆమె తప్పుకుంది. ఎందుకో అతనికి అర్థం కాదు. ఇద్దరూ దిగాలుగా తిరుగుతుంటే పథకం వేసినవాళ్లకే మనసొప్పలేదు. గెలవడానికి స్నేహితుణ్ని ఏడిపించడమేంటని సిగ్గుపడి, తప్పు ఒప్పుకున్నారు. ట్రాయ్ ఆమె ఇంటికెళ్లి బాల్కనీ ఎక్కి పాట పాడి బతిమాలుకున్నాడు. రోమియో జూలియెట్‌ల బాల్కనీని గుర్తుచేసే సన్నివేశమే. కాకపోతే షేక్‌స్పియర్ నాటకంలో వైరి కుటుంబాలున్నాయి, ఇక్కడ వాటి స్థానంలో ఆటల గది, నాటకాల గది ఉన్నాయి. అక్కడ విషం సీసా ఉంటే ఇక్కడ వెబ్‌క్యామ్!

షార్పే ఊరుకుంటుందా? తుది ఎంపికను సరిగ్గా బాస్కెట్‌బాల్ ఫైనల్, చదువుల పోటీ జరిగే రోజుకే, అదే సమయానికే మార్పించింది. అప్పుడు చూడాలి పిల్లల తెలివి! ఆటగాళ్లూ చదువరులూ చేతులు కలిపారు. కంప్యూటర్ మీటలు నొక్కి ఆటస్థలంలో కరెంటుకు అంతరాయం కలిగించారు. పోటీ గదిలో రసాయనాలు కలిపి అందరూ ముక్కు మూసుకుని బయటికి పరుగెత్తేలా చేశారు. దొరికిన ఆ కాస్త వ్యవధిలో ఇద్దరూ వేదిక మీదికి పరుగెత్తారు. నిన్నటిదాకా ఒకరి మొహం ఒకరు చూడని గుంపులన్నీ ప్రేక్షకుల్లో పక్కపక్కనే కూర్చున్నాయి. ఆ తర్వాత ఆటా గెలిచారు, చదువుల పోటీ గెలిచారు, నాటకంలో పాత్రలూ గెలుచుకున్నారు. నిజజీవితంలో మూడూ ఒకేరోజు దక్కవనుకోండి... సినిమా కదా, సర్దుకుపోవచ్చు!

వీటన్నిటికంటే తల్లిదండ్రులు గుర్తుపెట్టుకునేది మరొకటుంది. ఆట మొదలయ్యే ముందు తండ్రి కొడుకు దగ్గరికొస్తాడు. ఇన్నాళ్లూ కోచ్‌గా అరిచిన మనిషి అప్పుడు తండ్రిగా మాట్లాడతాడు. గెలుపు గురించి చెప్పడు. తామిద్దరికీ ఇష్టమైన ఆటను కొడుకు ఆనందంగా ఆడుతుంటే చూడాలని ఉందంటాడు. కెప్టెన్ భుజాల మీది బరువు సగం అక్కడే దిగిపోతుంది.

గొంతు ఒకరిది... మొహం ఒకరిది

తెరవెనక కథ కూడా తక్కువేమీ కాదు. దర్శకుడు కెన్నీ ఒర్టెగా అప్పటికే పేరున్న నృత్య దర్శకుడు. 1987 నాటి 'డర్టీ డ్యాన్సింగ్'కి స్టెప్పులు కూర్చింది ఆయనే. 1992లో ఆయన తీసిన సంగీత చిత్రం 'న్యూసీస్' బాక్సాఫీసు దగ్గర బోల్తా కొట్టింది. అలాంటి మనిషి పద్నాలుగేళ్ల తర్వాత టీవీ సినిమాతో లోకాన్ని ఆడించాడు. బంతి నేలకు తాకే చప్పుడునే తాళంగా మార్చి, ఆటగాళ్ల సాధనను డ్యాన్సుగా మలిచాడు. నృత్యాలకూ, ఉత్తమ బాలల కార్యక్రమంగానూ ఆ సినిమాకు 2006లో ఎమ్మీ అవార్డులు వచ్చాయి.

ట్రాయ్‌గా నటించిన జాక్ ఎఫ్రాన్ రాత్రికి రాత్రే అమ్మాయిల గుండెల్లో కొలువయ్యాడు. విశేషమేమిటంటే మొదటి సినిమాలో ట్రాయ్ పాటల్లో వినిపించే గొంతు చాలామటుకు అతనిది కాదు, డ్రూ సీలీ అనే గాయకుడిది. తర్వాత ఊరూరా జరిగిన సంగీత కచేరీల్లో కూడా ట్రాయ్ పాటలు పాడింది సీలీయే. పాడటానికి సిగ్గుపడే కుర్రాడి కథలో ఆ కుర్రాడికే అరువు గొంతు! ఎఫ్రాన్ మాత్రం అక్కడితో ఆగలేదు. 2007లో వచ్చిన రెండో భాగంలో సొంత గొంతుతో పాడాడు. 2017లో 'ది గ్రేటెస్ట్ షోమ్యాన్'లోనూ పాడి మెప్పించాడు. గాబ్రియెల్లాగా వేసిన వెనెస్సా హడ్జెన్స్‌తో అతని జోడీ తెర బయటా కొన్నేళ్లు నడిచింది. 2010లో విడిపోయారు.

2007 ఆగస్టు 17న ప్రసారమైన రెండో భాగాన్ని తొలిరోజే కోటీ 72 లక్షల మంది చూశారు. మూడో భాగం 2008 అక్టోబరులో నేరుగా థియేటర్లకే వచ్చి ప్రపంచవ్యాప్తంగా 25 కోట్ల డాలర్ల దాకా వసూలు చేసింది. అందులో పిల్లలకు బడి చదువు పూర్తవుతుంది. ట్రాయ్ ముందు రెండు దారులు. తండ్రి చదివిన ఊళ్లోని విశ్వవిద్యాలయంలో బాస్కెట్‌బాల్ ఒకటి, కళలకు పేరుమోసిన జూలియార్డ్ మరొకటి. ఇంట్లోవాళ్లు ఒకవైపు, టీచరమ్మ మరోవైపు. అతను రెండూ కాదని, ఆటకూ నాటకానికీ రెండింటికీ చోటున్న బర్క్‌లీని ఎంచుకుంటాడు. అది గాబ్రియెల్లా చదివే స్టాన్‌ఫర్డ్‌కి దగ్గరే. ప్రేమ కూడా కాస్త లెక్కలు వేసుకుంటుంది మరి!

అదే బడిలో మళ్లీ నాటకం

కథ జరిగేది ఆల్బకర్కీలోనే అయినా సినిమా తీసింది యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీలో. అక్కడ నిజంగానే ఈస్ట్ హైస్కూల్ ఉంది, నిజంగానే పిల్లలు చదువుకుంటున్నారు. ఆ వాస్తవాన్నే పట్టుకుని 2019 నవంబరులో డిస్నీ ప్లస్ కొత్త సిరీస్ మొదలెట్టింది. పేరు కొంచెం చాంతాడంత... 'హైస్కూల్ మ్యూజికల్: ది మ్యూజికల్: ది సిరీస్'. సినిమా తీసిన బడిలో చదివే పిల్లలు, ఆ సినిమానే నాటకంగా వేయడం ఇందులో కథ.

ఇక్కడి ప్రేమ మరీ సున్నితం. నీనీ అనే అమ్మాయి తన ప్రేమను పాట కట్టి చెబుతుంది. రికీ అనే కుర్రాడికి ఇష్టమే. కానీ తిరిగి ఆ మాట అనడానికి నోరు పెగలదు. అలిగిన నీనీ సెలవుల్లో నాటక శిబిరానికి వెళ్లి కొత్త స్నేహితుడితో తిరిగొస్తుంది. ఆమెను మళ్లీ దక్కించుకోవాలని, నాటకమంటే ఓనమాలు తెలియని రికీ ఎంపికకు పేరిస్తాడు. తీరా చూస్తే అతనికే ట్రాయ్ పాత్ర, ఆమెకు గాబ్రియెల్లా పాత్ర! అమ్మాయి కోసం వచ్చినవాడు మెల్లమెల్లగా నాటకం కోసం ఉండిపోతాడు. నీనీగా నటించిన ఒలీవియా రోడ్రిగో ఆ సిరీస్‌కి సొంతంగా ఓ పాట రాసింది. 2021లో ఆమె పాడిన 'డ్రైవర్స్ లైసెన్స్' బిల్‌బోర్డ్ జాబితాలో 8 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. 2022లో ఉత్తమ నూతన కళాకారిణిగా గ్రామీ అందుకుంది. సిరీస్ నాలుగు సీజన్లు నడిచి 2023లో ముగిసింది.

నాటకాల్లో పనిచేసే పిల్లల మధ్య ప్రేమకథలు ఎందుకంత బాగా పండుతాయి? కారణం రిహార్సలే. నెలల తరబడి ఒకరికొకరు సంభాషణ అందించాలి. ఒకరు మరిచిపోతే ఇంకొకరు ఆదుకోవాలి. తప్పు చేస్తే అందరి ముందూ చేయాలి, నవ్వులపాలైతే అందరూ కలిసే కావాలి. తనకు రాని పనిని తంటాలుపడి నేర్చుకుంటున్న మనిషిని పక్కనుంచి చూడటంకన్నా మంచి పరిచయం ఇంకేముంటుంది? ఆ ప్రేమ నిలిచినా నిలవకపోయినా... నలుగురి ముందు నోరు విప్పడం, పక్కవాడి వంతు వచ్చేదాకా ఆగడం మాత్రం జీవితాంతం నిలిచిపోతాయి.

ఇక్కడ మన పిల్లల సంగతీ ఓసారి చూసుకోవచ్చు. వార్షికోత్సవంలో ఏకపాత్రాభినయం చేసి చప్పట్లు కొట్టించుకున్న పిల్లాడు పదో తరగతికి వచ్చేసరికి 'ఇప్పుడవన్నీ ఎందుకురా' అన్న మాట వింటాడు. స్లామ్ బుక్కులో 'హాబీలు' అన్న గడి నింపడానికి ఓ నిమిషం ఆలోచించాల్సి వస్తుంది. చదువు ముఖ్యమే, ఎవరు కాదన్నారు? గాబ్రియెల్లా కూడా లెక్కలు మానేసి పాడలేదు. లెక్కలు చేస్తూనే పాడింది. వారానికో గంట పాటకో ఆటకో ఇచ్చినంతమాత్రాన ర్యాంకులేం ఎగిరిపోవు.

అన్నట్టు, బిస్కెట్ల జీక్ ఏమయ్యాడో చెప్పనేలేదు కదూ! అతనికి షార్పే అంటే ఇష్టం. సినిమా పొడుగునా ఆమె అతణ్ని పురుగును చూసినట్టు చూస్తుంది. పేర్లు పడటం మొదలయ్యాక ఓ చిన్న ముక్క వస్తుంది. ఖాళీ ఆటస్థలంలో అతను ఒంటరిగా ఉంటే షార్పే పరుగెత్తుకుంటూ వస్తుంది. అతనిచ్చిన బిస్కెట్లు రుచి చూసిందట... ఇంత బాగా ఎవరూ చేయలేరంటూ పొగడ్తల్లో ముంచెత్తుతుంది. తోటి ఆటగాళ్లు నవ్వుతారని భయపడి ఆ రోజు క్యాంటీన్లో నోరు విప్పకపోయుంటే పాపం, ఆ బిస్కెట్ల డబ్బా ఇంట్లోనే ఉండిపోయేది!